దివిసీమ : నామమును దేశవృత్తాంతమును

కృష్ణానది బంగాళాఖాతముతోఁ గలియు తావున, ఆ నది పాయలకును సముద్రమునకును నడుమ నేర్పడిన భూభాగమునకు దివిసీమ యని పేరు. సస్యసమృద్ధిచేత స్వర్గమును బోలియున్నది కావున దీనికి దివి యను పేరు వచ్చినదని చెప్పువారు కలరు. స్వర్గవాచకమగు దివిశబ్దము తెలుఁగున నున్నమాట సత్యమే. ఆ వ్యుత్పత్తి వినుటకు నింపుగానే యుండును. కాని దానిని నమ్మినచో నీ సీమనుగూర్చి తెలిసికొనవలసిన ముఖ్యవిషయ మొకటి మఱుగుపడిపోవును. ఈ పేరునందు భూమి పుట్టుక యున్నది; ఆ భూమికిఁ గల భయముకూడ నున్నది. ఆ రెంటిని నిరూపించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

నామనిరుక్తి

దివి యనునది సంస్కృత ద్వీపశబ్దమునకుఁ దద్భవము. ప్రాకృతమున ద్వీపము 'దీవ' యగును. దానినుండి తెలుఁగున దీవి, దివి యను రెండు రూపములు వచ్చినవి. ఈ సీమయందే రెండును వాడుకలో నున్నవి. సీమ పేరున హ్రస్వము; హంసలదీవి యను గ్రామనామమున దీర్ఘము. పశ్చిమసముద్రమున డయ్యూ యని నేఁడు వ్యవహరింపఁబడు దీవ్ యొక్క పేరును, హిందూమహాసముద్రమునందలి మాలదీవుల పేరును ఈ శబ్దమునుండి పుట్టినవే. కావున దివిసీమ యనఁగా ద్వీపసీమ యని నిశ్చయింపవచ్చును.

ఇఁక ద్వీపశబ్ద మెట్లు సిద్ధించినదో చూతము. ద్వి, అంతర్ అను శబ్దములకును, ఉపసర్గలకును బరమైన అప్ శబ్దము మొదటి యకారమునకుఁ బాణిని యీకారమును విధించెను. అప్ అనఁగా జలము. ఇరుదెసల జలము గలది ద్వీపము. అంతరీప, సమీప, ప్రతీప శబ్దములును ఈ మార్గముననే నిష్పన్నము లైనవి. సమీపమను మాట పలుకునపుడు నేఁ డెవ్వరికిని నీరు తలఁపునకు రాదు. ద్వీపమనునపుడు మాత్రము వచ్చును. దీని వెనువెంటనే యున్న సూత్రముచేత, అను అను నుపసర్గమీఁది అప్ శబ్దమునకు, దేశ మర్థమైనపుడు, ఊకారము వచ్చి అనూపము సిద్ధించును. నీటి వెంబడి నుండు దేశము, లోపల సయితము నీరూరుచుండు చిత్తడినేల, అనూపము. జలము దేశమున కిరుప్రక్కల నుండుట యొకటి. దేశములోనికే చొచ్చియుండుట మఱియొకటి. ఆ భేదము నెఱిఁగియే వైయాకరణుఁడు రెంటికి రెండు సూత్రములను జేసెను. దివిసీమ యీ రెంటికిని నుదాహరణము. పైభాగమున నది యిరుదెసలఁ బాఱుటచే నిది ద్వీపము. దిగువభాగమున ఉప్పుటేళ్లు, మడుగులు, చవుటినేలలు నిండియుండుటచే ననూపము.

సీమాస్వరూపము

కృష్ణ మహారాష్ట్రమునందలి మహాబలేశ్వరముకడఁ బుట్టి, సుమారు 1,400 కిలోమీటరులు ప్రవహించి సముద్రమును జేరును. విజయవాడ దాఁటినపిదప కొండలు వెనుకఁబడును, నేల చదునగును, నది నెమ్మదించును. పులిగడ్డయొద్ద నది రెండుగాఁ జీలును. తూర్పుపాయ హంసలదీవికడ సముద్రమునఁ గలియును. పడమటిపాయ దక్షిణముగాఁ బోయి, మరలఁ జీలి, పెక్కు మొగలతో సముద్రమును జేరును. ఈ పాయల నడుమ నున్నది యసలైన దివి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలము లిందున్నవి.

పూర్వము అవనిగడ్డ ముఖ్యస్థానముగాఁ గల దివి తాలూకా దీనికంటె విశాలమైనది. పాయ కావలనున్న మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల, మొవ్వ ప్రాంతములును దానిలోఁ జేరియుండెను. 1985లో తాలూకాలు పోయి మండలము లేర్పడినవి. 2022లో నాఁటి కృష్ణాజిల్లానుండి ఎన్టీఆర్ జిల్లా వేఱుపడఁగా, దివిసీమ మచిలీపట్టణము ముఖ్యస్థానముగాఁ గల కృష్ణాజిల్లాలోనే నిలిచినది. దివిసీమ యనునపుడు కొందఱు ద్వీపమును మాత్రమే గ్రహింతురు. కొందఱు పూర్వపు తాలూకా నంతయు గ్రహింతురు. పుట్టుకను జెప్పునపుడు మొదటి యర్థమును, చరిత్రమును జెప్పునపుడు రెండవ యర్థమును గ్రహించుట యుచితము.

ఈ భూమి నదిచేతఁ దేఁబడినది. నల్లరేగడినేలలను గోసికొనుచు వచ్చిన వఱద, వేగము తగ్గినచోట ఒండ్రును విడిచిపెట్టును. మొదట నీటినడుమ నొక మెఱక పొడచూపును. దానిపై గడ్డి మొలచును. గడ్డి మఱుసటి వఱదలోని ఒండ్రు నాఁపును. ఏండ్లు గడచినపిదప నది సేద్యమునకుఁ దగినదగును. సముద్రపు దెసను మడచెట్లు పుట్టి, పైకి లేచిన తమ వేళ్లతో బురదను బట్టి నిలుపును. అలలు తమ వంతుగా నిసుకను దెచ్చి తిన్నెలు వేయును. ఇట్లు నదియు, చెట్టును, అలయుఁ గూడి చేసిన నేల యిది. చేసిన నీరే దీనిని హరింపఁగలదు.

గ్రామనామములు

ఈ భూసృష్టిక్రమము నిచటి జను లెఱిఁగినవారే. గ్రంథములలో వ్రాయకపోయినను, ఊళ్ల పేళ్లలో వ్రాసియుంచిరి. నాగాయలంక, పిట్టల్లంక మున్నగు పేళ్లలోని లంక తెలుఁగున నది నడుమ నేర్పడిన నేలకుఁ బేరు. రావణుని లంకతోఁ బనిలేదు. అవనిగడ్డ, పులిగడ్డ యను వానియందలి గడ్డ, నీటిమీఁదికి లేచి గట్టిపడిన నేల. కృష్ణాతుంగభద్రల నడిమి నేలకు నడిగడ్డ యను పేరున్నదిగదా. అవనిగడ్డ యనునది చూపునకు సంస్కృతపదమును ఆచ్ఛికపదమును గలిసిన మిశ్రసమాసము. పాలకాయతిప్పలోని తిప్ప యిసుకమెట్ట. ఈలచెట్లదిబ్బలోని దిబ్బయు నట్టిదే. నాచుగుంటలోని గుంట నీరు నిలుచు పల్లము. ఏటిమొగయందు ఏఱు శబ్దమున కౌపవిభక్తికమగు 'ఏటి' చేరి, నది సముద్రమునఁ గలియు ముఖమని స్పష్టముగాఁ జెప్పుచున్నది. సొర్లగొంది సొరచేఁపలు చొచ్చు గొంది యని నాకుఁ దోఁచుచున్నది.

ఈ పేళ్లను ఉత్తరమునుండి దక్షిణమునకు వరుసగాఁ జదివిన యెడల ఒక క్రమము గానవచ్చును. ఎగువ గడ్డలు, నడుమ లంకలు, దిగువ తిప్పలు, దిబ్బలు, గుంటలు, మొగలు. గట్టినేలనుండి నీటివఱకు మెట్లు మెట్లుగా దిగుచున్నట్లుండును. ఒకటిరెండుచోట్ల నీ క్రమము తప్పినను మొత్తముమీఁద నిలుచును. దేశపటమును జూడనివారికిఁగూడ ఈ పేళ్లే పటము.

పూర్వచరిత్రము

క్రీస్తుశకము రెండవ శతాబ్దియందు టాలెమీ యను గ్రీకు భూగోళశాస్త్రజ్ఞుఁడు మైసోలియా యను తీరదేశమును వర్ణించుచు, అందు కంటకొస్సిల యను వర్తకస్థానమును బేర్కొనెను. అది నేఁటి ఘంటసాల యని విద్వాంసుల నిర్ణయము. నాగార్జునకొండయందలి ప్రాకృతశాసనముకూడ కంటకసేల యందలి మహాచైత్యమును దలఁచుచున్నది. ఆ నామమే క్రమముగా మాఱి ఘంటసాల యైనది. ఇచటి బౌద్ధస్తూపమును పందొమ్మిదవ శతాబ్దియం దలెగ్జాండర్ రీ పరిశీలించెను. దాని యిటుకకట్టడము నడుమ చతురస్రమును, దానినుండి చక్రపుటాకులవలె బయలువెడలు గోడలును గలది. సువర్ణభూమికిఁ బోవు నోడలు తీరమును విడిచి నడిసముద్రమునఁ బడు తావును సయితము టాలెమీ యీ ప్రాంతముననే చెప్పెను.

ఇచట గమనింపవలసినదేమనఁగా, ఆ ఘంటసాల నేఁడు సముద్రతీరమున లేదు. చాలదూరము లోపల, వరిచేల నడుమ నున్నది. నాఁ డోడలు నదీముఖముననే వచ్చియుండనిండు, సముద్రమే చేరువగా నుండనిండు. నాఁటి రేవునకును నేఁటి తీరమునకును నడుమ నదిచేసిన నేల పెరిగినదనుట కిది సాక్ష్యము. ద్వీపములు పుట్టుట పురాణవార్త గాదు, చరిత్రకాలముననే జరిగినది.

కాకతీయుల కాలమున దివి ప్రసిద్ధికెక్కెను. గణపతిదేవుఁడు వెలనాటిమీఁదికి దండెత్తి, ద్వీపము నేలుచుండిన అయ్యవంశపు పినచోడిని జయించెను. పిదప నతని కొమార్తెలైన నారమాంబను, పేరమాంబను వివాహమాడెను. వారి సోదరుఁడైన జాయపను గజసైన్యమున కధిపతిగాఁ జేసెను. ఓడినవాని యింటితోఁ జుట్టఱికము, అతని కొమరునికి సేనాధిపత్యము! గణపతిదేవుని రాజనీతి కిది చక్కని నిదర్శనము. శాలివాహనశకము 1153, అనఁగా క్రీ. శ. 1231 నాఁటి గణపేశ్వరశాసనము ఈ వంశవృత్తాంతమును దెలుపుచున్నది. రాజు పేర జాయప వెలయించిన గణపేశ్వరాలయము దివియందే నాగాయలంక ప్రాంతమున నున్నది. ఈ జాయసేనానియే 1253-54 నాఁటికి నృత్తరత్నావళి యను సంస్కృతలక్షణగ్రంథమును రచించెను. మార్గనృత్తమునేగాక దేశినృత్తమునుగూడ నందు సవిస్తరముగా వివరించెను. ఏనుఁగుల నడిపినవాఁడే యడుగుల లయను నిర్ణయించుట విశేషము. తరువాతి కాలమున కూచిపూడి నాట్యమున కాకరమైన గ్రామమును, మువ్వగోపాలుని నుతించిన క్షేత్రయ్య పదములకు మూలమైన మొవ్వయు నీ తాలూకాలోనివే. ఒకదానినుండి యొకటి పుట్టినదని చెప్పుటకుఁ దగిన యాధారము వలయునుగాని, ఒకేసీమ యీ మువ్వురను దనవారిగాఁ జెప్పుకొనఁగలుగుట యాశ్చర్యకరము.

శ్రీకాకుళమున నాంధ్రమహావిష్ణువాలయ మున్నది. ఉత్తరపుజిల్లాయందలి శ్రీకాకుళము వేఱు, ఇది కృష్ణయొడ్డుననున్నది. కళింగదండయాత్రలో నిచట విడిసిన శ్రీకృష్ణదేవరాయలకు స్వప్నమున నాంధ్రవిష్ణువు సాక్షాత్కరించి, తెలుఁగునఁ గావ్యము చెప్పుమని యాజ్ఞాపించినట్లు ఆముక్తమాల్యద పీఠికవలనఁ దెలియుచున్నది. ఈ దేవునే నిందాస్తుతితోఁ గొలిచిన కాసుల పురుషోత్తమకవి పెదప్రోలివాఁడు. ఆంధ్రనాయకశతకమునేగాక హంసలదీవి గోపాలశతకమునుగూడ రచించెను. సీమకుఁ బైకొననొకదేవునికి, తుదనొకదేవునికి శతకములు సమర్పించి, నదితోపాటు తానును సముద్రమువఱకు నడచినాఁడన్నమాట. హంసలదీవికడ సంగమమున మునిఁగి, కాకరూపముననున్న గంగ హంసయైనదని స్థలపురాణము. మాఘపూర్ణిమనాఁడు జను లిచట స్నానముసేయుదురు.

పదునెనిమిదవ శతాబ్ది నడుమ ఆంగ్లేయులును ఫ్రెంచివారును మచిలీపట్టణముతోపాటు దివికొఱకును బోటీపడిరి. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు మచిలీపట్టణమును బట్టుకొనుటతో నా పోటీ ముగిసెను. పిదప సీమలో నధికభాగము చల్లపల్లి జమీందారుల పాలనలో నుండి, 1948 నాఁటి యెస్టేటుల రద్దుచట్టముతో నా వ్యవస్థ యంతరించెను.

జనులు, జీవనము

1852లో మొదలిడి 1855లో ముగించిన విజయవాడ యానకట్ట కృష్ణాడెల్టా జీవనమును మార్చివేసెను. కాని దివి ద్వీపమగుటచేత కాలువనీరు దానికి వెంటనే యందలేదు. ఇరువదవ శతాబ్ది యారంభమున నూనెయంత్రములతో నదినుండి నీటిని దోడి యిచటి పొలములకుఁ బాఱించిరి. తరువాత పులిగడ్డయొద్ద నదిపాయమీఁదుగా నక్విడక్టు కట్టి కాలువను దాఁటించిరి. నీటిమీఁదుగా నీటిని నడపినఁగాని యీ ద్వీపమున సేద్యము సాగలేదు. 1957లో పాత యానకట్ట స్థానమున ప్రకాశము బ్యారేజి వెలసెను.

2011 జనగణన ప్రకారము అవిభక్త కృష్ణాజిల్లా జనసంఖ్య 45,17,398. విజయవాడవంటి నగరము గల యా జిల్లాలో దివిసీమ కేవలము పల్లెసీమ. ఎగువ గ్రామములు వరియు, చెఱకును, లంకలలో నరఁటి, పసుపు, కూరగాయలును బండించు రైతులవి. అందు జనము దట్టము. దిగువకుఁ బోయినకొలఁది ఊళ్లు చిన్నవై దూరదూరమగును. అచట పల్లెకారులు వలవేఁటచేతను, యానాదులు పీతలు, చేఁపలు పట్టుటచేతను జీవింతురు. గడచిన శతాబ్ది చివరి దశాబ్దులనుండి చేఁపల, రొయ్యల చెఱువులు చాలపొలముల నాక్రమించినవి. ఒకప్పుడు వరిచేనికి శత్రువైన యుప్పునీరే రొయ్యకు మిత్రమగుట యీ మార్పునకుఁ గారణము. సముద్రమునకు దగ్గఱగా నున్నవాఁడు పేదవాఁడగుట యీ సీమలో సామాన్యముగాఁ గానవచ్చు విషయము. ఉప్పెన వచ్చినపుడు మొదట పోవునదియు నాతఁడే.

ఉప్పెనలు

1864 నవంబరు 1వ తేది రాత్రి వచ్చిన యుప్పెన మచిలీపట్టణమును, చుట్టుపట్లను ముంచివేసి సుమారు 30,000 మందిని బలిగొనెను. ఆ పట్టణపు వైభవము మరల మునుపటివలె నిలువలేదు.

1977 నవంబరు 19వ తేది వచ్చిన పెనుగాలి దివిమీఁదనే పడెను. సముద్రము సుమారు 5 మీటరులెత్తున లేచి, పదికిలోమీటరులకు మించి లోపలికిఁ జొచ్చెను. చేయెత్తు కట్టడములు లేని చదునునేలమీఁద నీటి కడ్డేమున్నది? ప్రభుత్వలెక్కలనుబట్టియే పదివేలమందికిఁ బైగా మరణించిరి. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు తీరగ్రామములు నాశమయ్యెను. నాఁటి శాసనసభ్యుఁడును, 1975లో హైదరాబాదున ప్రపంచతెలుఁగుమహాసభను నడపించినవాఁడునగు మండలి వేంకటకృష్ణారావు సహాయకార్యములందు ముందుండెను. మృతుల స్మారకచిహ్నము అవనిగడ్డకడ, ఉప్పెన చేరిన తుదిహద్దున, నిలుపఁబడినది. పిమ్మట తీరమున తుపానుశరణాలయములు కట్టిరి. వాతావరణశాఖవారి హెచ్చరికలును మెఱుఁగైనవి. వాన పడఁబోవుచున్నదని చెప్పుటకును, నీరు రాఁబోవుచున్నది లేచిపొండని చెప్పుటకును గల భేదము నా యుప్పెనయే నేర్పినది.

ప్రమాదము సముద్రమునుండి మాత్రమే కాదు. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను ప్రకాశము బ్యారేజికడ కృష్ణ సెకనునకు 11 లక్షల ఘనపుటడుగులకు మించి పాఱఁగా లంకగ్రామములు మునిఁగినవి. ద్వీపమునకు నీ రిరుదెసలనుండి వచ్చునను వ్యుత్పత్తి పుస్తకములో మాత్రమే నిలుచునదికాదు.

నేఁటి స్థితి

వఱద కీడేగాని మేలెన్నఁడును జేయదని తలఁచుట సరికాదు. ఈ నేలను జేసినది వఱదయే. నాగార్జునసాగరము, శ్రీశైలము మొదలుగాఁ గృష్ణమీఁదను, ఉపనదులమీఁదను గట్టిన జలాశయములలో నీటితోపాటు ఒండ్రును నిలిచిపోవుచున్నది. ఆ జలాశయములవలన లక్షలయెకరములకుఁ బంట కలిగినది; ఆ మేలును గాదనరాదు. కాని నదీముఖమున దాని ఫల మిది: కొన్నియేండ్ల వానలు పలుచనైనపుడు నది సముద్రమునకుఁ జేరుటయే యరుదు, చేరినపుడును మునుపటి ఒండ్రు దానియందు లేదు. సముద్రము మాత్రము తన కోఁతను మానలేదు. వెనుకటికి నేలను దెచ్చువాఁడొకఁడు, కోయువాఁడొకఁడు నుండిరి. నేఁడు తెచ్చువాని చేతులు గట్టఁబడినవి. నదిలో మంచినీరు తగ్గినకొలఁది ఉప్పునీరు పాయలవెంట నెగువకు నెక్కుచున్నది. దిగువ బావులు చప్పఁదనమును గోలుపోవుచున్నవి.

ఇఁక మిగిలిన రక్ష మడయడవి. 1989లో నేర్పడిన కృష్ణావన్యప్రాణిసంరక్షణస్థానము సుమారు 195 చదరపు కిలోమీటరులు గలది. దివి దిగువభాగపు మడయడవు లందున్నవి. బావురుపిల్లులును, నానావిధపక్షులును నందు నివసించును. మడచెట్ల వేళ్లు బురదను బట్టును. కొమ్మలు గాలిని విఱుచును. ఉప్పెననీరు వానిలో దూఱివచ్చునప్పటికి వేగము తగ్గును. చెఱువుకొఱకో కట్టెకొఱకో యొక మడచెట్టును గొట్టినవాఁడు తన గోడలో నిటుక నూడఁబెఱికినట్లే.

సముద్రమునఁ గలిసిన నదీజలము వృథాయైనదని మనవారు తఱచుగా ననుచుందురు. వార్తాపత్రికలును నట్లే వ్రాయుచుండును. ఎగువనున్న మెట్టరైతు దృష్టితో నది న్యాయమే. దివిసీమవాని దృష్టితోఁ జూచినచో, నదీముఖమును జేరిన నీరు తన పనిని దాను జేయుచున్నది: ఉప్పును వెనుకకు నెట్టుచున్నది, మడను బోషించుచున్నది, ఒండ్రున్నచో నేలను నిలుపుచున్నది. నీటిపంపకమున గ్రామములకు, పంటలకు, నగరములకు వంతు లేర్పఱచునపుడు నదీముఖమునకుఁ గూడ నొక వంతు లెక్కింపవలెను. అది దానముగాఁ గాక, ఆ నేల పుట్టుకతో వచ్చిన హక్కుగా నెంచవలెను. ద్వీపశబ్దమునుండి అప్ శబ్దమును దొలఁగించిన యెడల మిగులునది 'ద్వి' యను సంఖ్యావాచకమొక్కటియే. దానికి దేశమను నర్థము లేదు. దేశవ్యవహారము నడపువారును, ఆ సీమవాసులును ఈ విషయమును బరిశీలింతురుగాక.